పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించే ముందు

హన్మకొండల టైర్ల షాపుకు పోయే ముందు డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్ చూడండి. కంపెనీ ఇచ్చిన సైజు, గాలి లెక్క అక్కడుంటయి.

అసలు చూడాల్సింది టైరు మొత్తం ఎత్తు. కంపెనీ టైరు 165/80 ఆర్14 అనుకోండి: వెడల్పు 165 మి.మీ., పక్కగోడ ఎత్తు అందుల 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. దాని ఎత్తు దాదాపు 620 మి.మీ. 185/65 ఆర్15 వేస్తే 622, ఏం ఫరక్ పడదు. 195/65 ఆర్15 అంటే 634 దాటుతది. అప్పుడు మీటరు 80 చూపినా బండి మునుపటికన్నా కొంచెం స్పీడుగ పోతుంటది.

బోల్టుల కొలత కలవాలె, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే నంబరు) తగ్గొద్దు.

వెనక ముగ్గుర్ని కూసోబెట్టి, స్టీరింగ్ రెండు దిక్కులా పూర్తిగా తిప్పి చూడండి. టైరు ఎక్కడా రాసుకోవద్దు.

పక్కగోడ ఎత్తు మరీ తక్కువున్న టైరు నేనైతే వద్దంట. భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలు తిరిగే తొవ్వల గుంతల పడితే రిమ్ము వంగుతది.

పాత రిమ్ములు అమ్మకండి.