ఎండోస్కోప్‌లో సూడోమోనాస్: మా దగ్గర ఎలా పోయిందంటే

ఎండోస్కోప్ (శరీరం లోపల చూసే కెమెరా గొట్టం) చానెళ్ల, అంటే దాని లోపలి సన్నని దారుల కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే ల్యాబ్ పరీక్షలో) సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మళ్లీ మళ్లీ వస్తుంటే అందరూ డిసిన్ఫెక్టెంట్‌నే, అంటే క్రిములను చంపే మందునే అనుమానించారు, కానీ టెస్ట్ స్ట్రిప్‌తో చూస్తే దాని గాఢత సరిగ్గానే ఉంది. దాంతో ఆఖరిసారి కడిగే నీళ్లను ల్యాబ్‌కు పంపించాం. దొంగ అక్కడే దొరికాడు.

కడిగే మెషీన్‌కు నీళ్లొచ్చే దారిలోని 0.2 మైక్రాన్ ఫిల్టర్ గడువు దాటిపోయింది, దాని తర్వాతి ట్యూబు లోపల జిగురు పొర కట్టింది. దీన్నే బయోఫిల్మ్ అంటారు, అందులో దాక్కున్న బ్యాక్టీరియా మందుకు అంత తేలిగ్గా చావదు. అందుకే ట్యూబు కడిగే పని పెట్టుకోకుండా పీకేసి కొత్తది వేయించాం, ఫిల్టర్ కూడా మార్చి, మెషీన్‌కు సెల్ఫ్ డిసిన్ఫెక్షన్ సైకిల్ నడిపాం.

నన్నడిగితే అంతకంటే ముఖ్యం ఆరబెట్టడం. చానెల్‌లో తడి మిగిలితే రాత్రికి రాత్రే బ్యాక్టీరియా పెరిగిపోతుంది, కాబట్టి ఫిల్టర్ చేసిన గాలిని కనీసం 10 నిమిషాలు పంపి, స్కోప్‌ను నిలువుగా వేలాడదీస్తున్నాం. కేసులు ఎక్కువున్న రోజు ఈ 10 నిమిషాలంటే అందరికీ చిరాకే, నాక్కూడా. లెన్స్ కడిగే వాటర్ బాటిల్‌లో స్టెరైల్ నీళ్లే పోయాలి, కుళాయి నీళ్లు వద్దు.

ఆ తర్వాత కల్చర్లు నెగటివ్ వచ్చాయి. నీళ్ల శాంపిల్ పంపడం మాత్రం ఆపలేదు.