నీళ్లలో ఫొటోలకి తక్కువ బడ్జెట్ ఉంటే ముందు హౌసింగ్ చూడండి, కెమెరా చివర్లో

నీళ్ల కింద ఫొటోలు తియ్యాలని సరదా పుట్టగానే అందరూ మొదట చేసే పని ఏ కెమెరా బాగుంటుందా అని వెతకడం. నేనూ అంతే. వారాల తరబడి మెగాపిక్సెళ్లు లెక్కపెట్టి, సెకండ్ హ్యాండ్‌లో మంచి కెమెరా దొరికిందని సంబరపడి కొనేశాక తెలిసింది, ఆ మోడల్‌కి హౌసింగే లేదని. హౌసింగ్ అంటే కెమెరా చుట్టూ బిగించే నీళ్లు చొరని పెట్టె. దాని మీదున్న ప్రతి మీటా లోపలి కెమెరా బటన్ మీద సరిగ్గా పడాలి, అందుకే ఒక మోడల్ పెట్టె ఇంకో మోడల్‌కి సాధారణంగా పట్టదు. కాబట్టి ముందు మీ చేతికందే ధరలో ఏ హౌసింగ్ ఉందో చూసుకోండి, తర్వాత అందులో పట్టే కెమెరా కొనండి. కాస్త పాత మోడల్ అయితే ఇంకా మంచిది, ఎప్పుడైనా లోపలికి నీళ్లు పోయి కెమెరా పాడైనా అదే మోడల్ మళ్లీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, పెట్టె వృథా పోదు.

అసలు ఎంత లోతుకి వెళ్తారో తేల్చుకోండి. స్నార్కెల్ పెట్టుకుని పైపైన ఈదడం వేరు, సిలిండర్ కట్టుకుని దిగడం వేరు. ప్రతి 10 మీటర్లకీ ఇంకో అట్మాస్ఫియర్ ఒత్తిడి వచ్చి పడుతుంది, అంటే 20 మీటర్ల దగ్గర పైనున్న దానికి మూడు రెట్లు.

"నా ఫోన్ వాటర్‌ప్రూఫే కదా" అనేవాళ్లకి ఒక మాట. ఫోన్ మీద రాసుండే ఐపీ68 అనేది నిలకడగా ఉన్న మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపే. ఉప్పునీళ్ల సంగతి అందులో లేదు. పైగా నీళ్లలో టచ్ స్క్రీన్ మాట వినదు. మెడలో వేలాడదీసుకునే ప్లాస్టిక్ పౌచ్ ఈతకొలనులో పిల్లల్ని తియ్యడానికి సరే, డైవింగ్‌కి మాత్రం వద్దు. ఫోన్‌కే గట్టి హౌసింగులు వస్తున్నాయి, బ్లూటూత్ బటన్లతో పనిచేస్తాయి, ఫొటోలు కూడా బాగానే వస్తాయి. కానీ అది మునిగితే ఫోన్‌తో పాటు ఓటీపీలు, బ్యాంకు యాప్‌లు, చుట్టాల నంబర్లు అన్నీ మునుగుతాయి. నాకైతే ఆ టెన్షన్ వద్దు, మూలన పడున్న పాత ఫోన్ ఉంటే పెట్టుకోండి.

ఇక గోప్రో లాంటి యాక్షన్ కెమెరానా, ఒలింపస్ టీజీ లాంటి టఫ్ కెమెరానా అన్నది మీరు ఏం తీస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. కొత్త గోప్రోల్లో చాలావరకు హౌసింగ్ లేకుండానే 10 మీటర్లు, డైవ్ హౌసింగ్‌తో 60 మీటర్లు దిగుతాయి. వీడియోకి బంగారం. కానీ గోరంత రొయ్య దగ్గర పెడితే మసకే, అంత దగ్గర ఫోకస్ చెయ్యడం వాటి వల్ల కాదు. టీజీ వరస అక్కడే గెలుస్తుంది. లెన్స్‌కి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది, 15 మీటర్ల వరకు ఉత్తినే దిగుతుంది, టీజీ-4 నుంచి రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫొటో) కూడా ఇస్తుంది. 2019 నాటి టీజీ-6కి చేసిన 45 మీటర్ల హౌసింగే 2023లో వచ్చిన టీజీ-7కీ పడుతుంది, కాబట్టి ఇప్పుడు పాతది కొని తర్వాత కొత్తదానికి మారినా పెట్టె మళ్లీ కొనక్కర్లేదు. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఒక్కటి, 15 మీటర్లు అని రాసుంది కదా అని పాత కెమెరాని హౌసింగ్ లేకుండా అంత లోతుకి తీసుకెళ్లకండి, తలుపు దగ్గర రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది.

కెమెరా మీద మిగిలించిన డబ్బు లైటు మీద పెట్టండి. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి, ఐదారు మీటర్లు దిగేసరికి చాలా వరకు పోతుంది, తర్వాత నారింజ, పసుపు. ఎర్రటి చేప లోతులో బూడిద రంగులో కనిపిస్తుంది, దాని మీద టార్చ్ వెయ్యగానే భగ్గుమని ఎర్రగా మండుతుంది. మొదటిసారి చూసినప్పుడు నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే సాధనం) ఉందన్న సంగతి మర్చిపోయి "అబ్బా" అన్నాను. ఇంకో కిటుకు, లోతే కాదు, మీకూ చేపకీ మధ్య ఉన్న నీళ్లు కూడా రంగు తినేస్తాయి. అందుకే చెయ్యి చాపితే అందే దూరం దాటితే లైటు వేసినా లాభం తక్కువ.

లైటుకి అసలు డబ్బే లేకపోతే ఎర్ర ఫిల్టర్ ఒకటి తగిలించండి, చవకలో పనవుతుంది, ఎండ బాగా ఉండి నీళ్లు తేటగా ఉంటే. లైటు వేసినప్పుడు మాత్రం దాన్ని తీసెయ్యాలి, లేదంటే ముఖాలన్నీ కుంకుమ పూసినట్టు వస్తాయి. రా ఫైల్‌లో తీసుకుంటే తర్వాత కొంత సరిచేసుకోవచ్చు, కానీ అసలు కెమెరా దాకా రాని ఎరుపుని ఏ యాప్ కూడా పుట్టించలేదు.

వీడియో లైటా, స్ట్రోబా? గోప్రోకి వీడియో లైటే గతి, అది స్ట్రోబ్‌ని పేల్చలేదు. అదైనా వెలుగు వెడల్పుగా పరుచుకునేది చూసుకోండి, మామూలు డైవ్ టార్చ్ కొంటే ఫొటో మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. స్ట్రోబ్ అంటే బయట పెట్టుకునే ఫ్లాష్, కదిలే చేపని కూడా నిలబెట్టేస్తుంది. హౌసింగ్‌లో ఉన్న కెమెరా ఫ్లాష్ వెలుగుని ఫైబర్ తీగ స్ట్రోబ్ దాకా మోసుకెళ్లి దాన్ని వెలిగిస్తుంది. కాబట్టి కొనే కెమెరాకి సొంత ఫ్లాష్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఆ సొంత ఫ్లాష్ ఒక్కదానితోనే తీస్తే నీళ్లలో తేలే నలుసులన్నీ వెలిగి మంచు కురిసినట్టు ఉంటుంది. హౌసింగ్ కింద బిగించే ట్రే ఒకటి, లైటుని పట్టుకునే చెయ్యి లాంటి కడ్డీ ఒకటి కొని లైటుని పక్కకి జరిపితే ఆ మంచు చాలా వరకు పోతుంది. మొదట ఒకటి చాలు, రెండోది తర్వాత ఆలోచించుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ స్ట్రోబ్ కొంటుంటే బ్యాటరీ గది మూత తీసి చూడండి. లోపల ఆకుపచ్చ చిలుము ఉంటే మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చెయ్యండి. హౌసింగ్ అయితే వెలుతురులో తిప్పి వెంట్రుకంత పగుళ్లు, గొళ్లెం బిగువు, నొక్కిన బటన్ మళ్లీ పైకి లేస్తోందా అన్నవి చూడాలి. ఓ-రింగ్ (మూత అంచున నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు రింగు) సంగతి వదిలెయ్యండి, అది ఎలాగూ కొత్తది వేసుకోవాల్సిందే. ఇంటికి తెచ్చాక కెమెరా పెట్టకుండా, లోపల పొడి టిష్యూ పేపర్ వేసి, నీళ్లలో కాసేపు ముంచి చూడండి. మొదటి డైవ్‌కి కూడా ఖాళీగానే తీసుకెళ్తే ఇంకా నిశ్చింత.

నా మొదటి కెమెరాని చంపింది ఒక్క వెంట్రుక. పడవ మీద హడావుడిగా మూత వేశాను, ఓ-రింగ్ కింద నా తల వెంట్రుకే అడ్డం పడింది. రెండు మీటర్లు దిగానో లేదో, అద్దం లోపల చిన్న చెరువు. అప్పటి నుంచీ ముందు రాత్రే గదిలో ఫ్యాన్ ఆపేసి మూత వేస్తాను. ఓ-రింగ్‌ని సూదితో కాకుండా ప్లాస్టిక్ కార్డు మూలతో పైకి లేపి, గాడిని తుడిచి, రింగ్‌ని రెండు వేళ్ల మధ్య జారుస్తూ నలుసు తగులుతుందేమో చూస్తాను. హౌసింగ్‌తో వచ్చిన గ్రీజే, అదీ మెరుపు వచ్చేంత మాత్రమే రాయాలి, గ్రీజు ఎక్కువైతే ఇసుకని పిలిచి కూర్చోబెడుతుంది. నీళ్లలోకి దిగగానే అర మీటరు దగ్గర ఆగి బుడగలు వస్తున్నాయేమో చూడండి. లోతుకి వెళ్తే ఒత్తిడికి మూత ఇంకా బిగుసుకుంటుంది, కాబట్టి చాలా లీకులు బయటపడేది ఈ పైపైనే. పైకొచ్చాక మూత తియ్యకుండానే మంచినీళ్ల బకెట్లో అరగంట ఉంచి, అందులోనే బటన్లన్నీ నొక్కుతూ ఉప్పు వదలగొట్టండి. తర్వాత పూర్తిగా తుడిచి, మీ జుట్టు కూడా తుడుచుకుని అప్పుడు తెరవండి.