ఘాట్‌కి వెళ్లే ముందు ఆర్‌ఎక్స్ 100 స్ప్రాకెట్ మారుస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

చలి మొదలైతే చాలు, లంబసింగి, అరకు, మారేడుమిల్లి దారుల్లో పాత యమహా ఆర్‌ఎక్స్ 100లు కనిపిస్తాయి. ఇద్దరు మనుషులు, వెనక బరువైన బ్యాగు, ఎదురుగా ఘాట్. బండి ఎక్కదేమోనన్న భయంతో చాలామంది బయలుదేరే ముందురోజు సాయంత్రం స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం, ముందుది ఇంజన్ దగ్గర, వెనకది వెనక చక్రానికి ఉంటాయి) మార్పించేస్తారు. దయచేసి అలా చేయకండి. మార్చాలనుకుంటే కనీసం రెండు వారాల ముందే మార్చి, ఊరి చుట్టుపక్కలే రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పి చూడాలి.

అంతకన్నా ముందు, బండి ఎక్కకపోవడానికి తప్పు గేరింగ్‌దేనా అన్నది తేలాలి. స్ప్రాకెట్ ఇంజన్‌కి కొత్తగా బలం ఇవ్వదు. వేగం తగ్గించి ఆ మేరకు లాగుడు పెంచుతుంది, అంతే. సైలెన్సర్‌లో మసి పేరుకున్నా, క్లచ్ ప్లేట్లు జారుతున్నా, వెనక బ్రేక్ పట్టి ఉన్నా, కంప్రెషన్ పడిపోయినా బండి ఎక్కదు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. ప్లగ్ విప్పి చూడండి. కాఫీ పొడి రంగులో ఉంటే మంచిదే. తెల్లగా ఉంటే కార్బురేటర్ దగ్గరో, క్రాంక్ సీలు దగ్గరో గాలి లాగుతుండొచ్చు. ఆ స్థితిలో ఘాట్ ఎక్కితే వేడికి పిస్టన్ బిగుసుకుని పట్టేయొచ్చు, ఏ స్ప్రాకెట్టూ కాపాడలేదు.

ఈ బండ్లు మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారయ్యాయి. అప్పటినుంచి ఎన్ని చేతులు మారాయో, ఎవరు ఏ సెట్ వేశారో చెప్పలేం. అందుకే పుస్తకంలో అంకె కాదు, బండి మీద పళ్ళు లెక్కపెట్టండి. వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. ఉదాహరణకి ముందు 14, వెనక 38 ఉన్నాయనుకుందాం: 2.71. ముందు 13 వేస్తే 2.92, అంటే లాగుడు దాదాపు 8 శాతం పెరిగింది. వెనక 40 వేస్తే 2.86, పెరిగింది 5 శాతం. ముందు ఒక పన్ను మార్పు వెనక సుమారు మూడు పళ్ళతో సమానం అన్నమాట. ముందుది చవక, అరగంట పని, అందుకే అందరూ దాన్నే మారుస్తారు. మా సలహా మాత్రం వెనక ఒకటి రెండు పళ్ళు పెంచమనే. ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యే కొద్దీ చైన్ ఎక్కువ వంగి తిరుగుతుంది, త్వరగా అరుగుతుంది, స్వింగ్ ఆర్మ్ మీది రబ్బరుని రాసుకుంటుంది. 13 కన్నా కిందికి పోవద్దు.

టైరు కూడా లెక్కలోకి వస్తుంది. వెనక 2.75-18 సైజు టైరు తీసి 3.00-18 వేసి ఉంటే చక్రం చుట్టుకొలత సుమారు 2 శాతం పెరుగుతుంది. లాగుడు ఆ మేరకు తగ్గుతుంది, వెనక ఒక పన్ను తగ్గించినదానికి కాస్త తక్కువ. బండి లాగడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరికి సమస్య ఇక్కడే ఉంటుంది.

మైలేజ్ కోసం ముందు 15 వేసుకున్నవాళ్లు ఘాట్‌కి ముందు దాన్ని తప్పకుండా తీసేయాలి. ఎత్తులో టాప్ గేర్ మోయలేదు, మూడో గేరూ గుంజుతుంది. తక్కువ తిరుగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి లాగిస్తే ఈ టూ స్ట్రోక్ ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేగంలో ఇంజన్‌ని చల్లబరిచే ఫిన్లకి (చుట్టూ ఉండే రేకులకి) తగిలే గాలీ తక్కువే. ఇంజన్ హెడ్‌లోంచి టింగుటింగుమని చప్పుడు వస్తే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, గేరు దించాలి.

అటువైపు, లాగుడు మరీ పెంచినా ప్రమాదమే. అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది: ముందు 14 పళ్ళతో 5000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉన్నచోట 13 పళ్ళతో దాదాపు 5400. ఘాట్ చేరడానికి ముందు గంటల తరబడి హైవే ఉంటుంది. వేగం తగ్గించుకోవాలి, 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్‌కి పోసే ఆయిల్) ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి డబ్బా వెంట ఉండాలి. అసలు గండం దిగేటప్పుడు. ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ పంపు ఇంజన్ తిరుగుడుతో పాటు యాక్సిలరేటర్ తెరుచుకునేదాన్ని బట్టి కూడా ఆయిల్ ఇస్తుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి కిలోమీటర్ల కొద్దీ దిగితే ఇంజన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, అందే ఆయిల్ మాత్రం తగ్గిపోతుంది. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపే పాత జావా, యెజ్డీల్లో ఇది ఇంకా తీవ్రం: పెట్రోల్ ఆగితే ఆయిలూ ఆగినట్టే. దిగేటప్పుడు రెండు బ్రేకులూ వాడండి, అప్పుడప్పుడూ క్లచ్ పట్టి యాక్సిలరేటర్ కొంచెం తిప్పి వదలండి. ఇంజన్ పట్టేస్తున్నట్టు బండి బిగుసుకోగానే ఆలోచించకుండా క్లచ్ నొక్కాలి. వేళ్లు లివర్ మీదే ఉండాలి.

బిగింపు దగ్గర జరిగే తప్పుల్లో మొదటిది, పాత చైన్‌కి కొత్త స్ప్రాకెట్ వేయడం. ఈ బండికి వాడే 428 సైజు చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మి.మీ. ఉంటుంది. చైన్‌ని బిగుతుగా లాగిపట్టి ఒక పిన్ను మధ్య నుంచి 21వ పిన్ను మధ్య వరకు కొలవండి. కొత్తదైతే 254 మి.మీ. 259 దగ్గరికొస్తే ఆ చైన్ పని అయిపోయింది. సాగిన చైన్ కొత్త పళ్ళని కొద్ది రోజుల్లోనే కొక్కేల్లా అరగదీస్తుంది. మొత్తం సెట్ మార్చడమే మేలు. వెనక హబ్బులో రబ్బర్లు వదులైతే అవి కూడా.

పళ్ళ సంఖ్య మారితే వెనక చక్రం యాక్సిల్ (ఇరుసు) జరుగుతుంది, పన్నుకి సుమారు 3 మి.మీ. వెనక పళ్ళు పెంచితే చక్రం ముందుకొస్తుంది, టైరు దేన్నైనా రాసుకుంటుందేమో చూడాలి. బ్రేక్ రాడ్ వదులవుతుంది, పెడల్ లోతుకి పోతుంది. ముందుది తగ్గిస్తే చక్రం వెనక్కి పోయి బ్రేక్ పట్టేస్తుంది. ఏది చేసినా బ్రేక్ మళ్లీ సెట్ చేసి, బ్రేక్ ప్లేట్‌ని పట్టుకునే రాడ్ నట్టు బిగించి, దానికి కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి. దీన్ని మరిచిపోతే ఆ రాడ్ ఊడి, ఘాట్‌లో బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ అవ్వొచ్చు.

చైన్ రెండు కొసల్ని కలిపే లాక్ క్లిప్ మూసి ఉన్న కొస చైన్ నడిచే దిశలో ఉండాలి, చీలిక వెనక్కి. తిరగేసి పెడితే రాయి తగిలి ఊడొచ్చు. ముందు స్ప్రాకెట్ లాక్ వాషర్ ఒకసారి మడిచింది మళ్లీ వాడకండి. చైన్ వదులు చూసేటప్పుడు చక్రం నెమ్మదిగా తిప్పి ఎక్కడ బిగుతుగా ఉందో వెతికి, అక్కడ 20 నుంచి 30 మి.మీ. ఆడేలా పెట్టండి. చవక స్ప్రాకెట్లలో కొన్నిసార్లు మధ్య రంధ్రం కేంద్రం తప్పి ఉంటుంది. ఒకచోట చైన్ తీగలా బిగిసి, మరోచోట వేలాడితే తిరిగిచ్చేయండి.

ఇంటికి దగ్గర్లోని ఏదో ఒక ఎత్తు మీద, ప్రయాణంలో ఉండబోయే బరువుతోనే పరీక్షించండి. మొదటి గేర్‌లో క్లచ్ జార్చకుండా కదలాలి, రెండో గేర్‌లో ఊపిరి తీసుకుంటున్నట్టు హాయిగా ఎక్కాలి. చదునులో టాప్ గేర్‌కి మారితే బండి మందగించకుండా ముందుకే లాగాలి. ఈ బండికి టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) లేదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత చైన్ వదులు, యాక్సిల్ నట్టు, వెనక స్ప్రాకెట్ బోల్టులు మళ్లీ చూడండి. కొత్త చైన్ మొదట్లో కొంచెం సాగుతుంది. బయలుదేరే ముందురోజు ఇంకోసారి చూసి, టూల్ బ్యాగులో రెండు చైన్ లాకులు, ఒక ప్లగ్ వేసుకోండి.