విదేశీ ప్రయాణం: డాలర్ల కొనుగోలులో డబ్బు ఎక్కడ కారుతోంది?

అనంతపురం వైపు నుంచి కారులో వస్తే దేవనహళ్లి ఎయిర్‌పోర్టు బెంగళూరు కంటే ముందే తగులుతుంది. మా వాళ్లకు వచ్చిన చిక్కంతా అదే. కూతురి పురిటికి డాలస్ వెళ్తున్న మా బాబాయి, "ఊళ్లోకి వచ్చి ఆ ట్రాఫిక్‌లో ఎవడు పడతాడ్రా? డాలర్లు ఎయిర్‌పోర్టులోనే తీసుకుంటాలే, ఎక్కడైనా డాలరు డాలరే కదా" అన్నాడు. డాలరు డాలరే బాబాయ్, దాన్ని కొన్న రేటే వేరు అని చెప్పి ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇలాంటి ఫోన్లు ప్రతి వేసవిలోనూ వస్తాయి. తరచుగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: గూగుల్‌లో ఒక రేటు, షాపులో ఇంకో రేటు

గూగుల్‌లో కనబడేది బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాల్లో కొని అమ్ముకునే ధరకు దగ్గరగా ఉండే అంకె. ఆ ధరకు మనకు నోట్లు ఎవరూ ఇవ్వరు. నోట్లు తెప్పించే ఖర్చు, దాచే ఖర్చు, తన లాభం అన్నీ షాపువాడు రేటులోనే కలిపేస్తాడు. కాబట్టి "జీరో కమీషన్" బోర్డు చూసి మురిసిపోకండి. కమీషన్ లేదన్నవాడు రేటులో తీసుకుంటాడు.

లెక్క వేసి చూద్దాం. గూగుల్‌లో డాలరు 90 రూపాయలు ఉందనుకుందాం. ఒకడు కమీషన్ లేకుండా 92.40కి ఇస్తానన్నాడు. పక్కవాడు 91.20కి ఇచ్చి, 150 రూపాయలు సర్వీస్ ఛార్జి అన్నాడు. వెయ్యి డాలర్లకు మొదటివాడికి 92,400, రెండోవాడికి 91,350. ఛార్జి అడిగినవాడి దగ్గరే వెయ్యి రూపాయలు మిగిలాయి.

దీనికి మందు ఒకటే ప్రశ్న: "వెయ్యి డాలర్లకు, అన్నీ కలిపి, నా ఖాతాలోంచి ఎంత పోతుంది?" ఇదే ప్రశ్న మూడు చోట్ల, అదీ ఒకే గంటలో అడగండి. రేటు పూటపూటకూ మారుతుంది, నిన్నటి కొటేషన్‌ను ఇవాళ్టి దానితో పోల్చడం దండగ. బెంగళూరులో ఎం.జి. రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు వైపు మనీ ఛేంజర్లు దగ్గరదగ్గరగానే ఉంటారు. వెళ్లే ఓపిక లేకపోతే ఫోన్ చాలు. బేరం కూడా ఆడొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. కె.ఆర్. మార్కెట్లో మూర చామంతుల దగ్గర పదిసార్లు వెనక్కి నడిచే మా అత్తగారు, ఇక్కడ మాత్రం బోర్డు మీద అంకె చూసి అదేదో చట్టం అనుకుంటుంది! "పక్కన ఇరవై పైసలు తక్కువ చెప్పారు" అంటే చాలాచోట్ల దిగుతారు.

బోర్డు మీద రెండు వరసలుంటాయి: బై, సెల్. అవి షాపువాడి వైపునుంచి రాసినవి. మనం కొనేటప్పుడు చూడాల్సింది సెల్.

జీఎస్టీ సంగతికి వస్తే, అది ఎక్కడైనా తప్పదు, కానీ భయపడేంత కాదు. లక్ష రూపాయల వరకు మార్చుకుంటే ఆ మొత్తంలో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలను) సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. అంటే పాతిక వేల లోపు 45 రూపాయలు, లక్షకు 180. బిల్లులో ఇంతకంటే ఎక్కువ కనబడితే ఎందుకని నిలదీయండి.

సమస్య: ఎయిర్‌పోర్టు చేరిపోయాను, చేతిలో రూపాయలే ఉన్నాయి

విమానానికి టైమైపోతున్న మనిషి నాలుగు చోట్ల వాకబు చేయలేడు. ఆ సంగతి కౌంటర్లో కూర్చున్నవాళ్లకూ తెలుసు. పైగా అక్కడి అద్దెలు. అవన్నీ రేటులోనే కలుస్తాయి. ఇప్పటికే అక్కడ ఉంటే, దిగాక ట్యాక్సీకి, కాఫీకి సరిపడా వంద డాలర్లు కొని ఊరుకోండి. మిగతాది కార్డుతో నడపండి. ఇంకా టైముంటే ముందురోజే ఊళ్లో కొనండి, లేదా ఆన్‌లైన్‌లో రేటు ఖాయం చేసుకుని ఇంటికి తెప్పించుకోండి. ప్రయాణానికి 60 రోజుల ముందునుంచే కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

సమస్య: నోట్ల కట్ట తీసుకెళ్తే షాపువాడు తీసుకోలేదు

మా బాబాయి రెండోరకం తంటా ఇది. 50,000 రూపాయలు, ఆపైన విలువైన విదేశీ కరెన్సీకి నగదు తీసుకోకూడదు. బ్యాంకు బదిలీయో, చెక్కో, కార్డో కావాలి. నోట్ల రూపంలో మనకిచ్చేది కూడా చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే. పైది ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడే కార్డు) వేసుకోవాలి. "బిల్లు లేకుండా తక్కువకిస్తా" అనే తెలిసినవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల జోలికి పోకండి. అది విదేశీ మారకం చట్టానికి (ఫెమాకు) విరుద్ధం, దొంగనోటు వస్తే మొరపెట్టుకోవడానికి చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

సమస్య: అక్కడ బిల్లు రూపాయల్లో వచ్చింది, ఇంటికొచ్చి చూస్తే వాచిపోయింది

ఎక్కువమంది తెలియకుండా నష్టపోయేది ఇక్కడే. కార్డు గీకగానే మెషీన్ "మీ సొంత కరెన్సీలో కడతారా?" అని మర్యాదగా అడుగుతుంది. రూపాయలు కనబడగానే మనకు ప్రాణం లేచొస్తుంది, నొక్కేస్తాం. అప్పుడు రేటు పెట్టేది మన బ్యాంకు కాదు, అక్కడి మెషీన్ వాళ్లు. వాళ్లకు తోచినంత లాభం వేసుకుంటారు. దాని మీద మన బ్యాంకు మళ్లీ ఛార్జి వేసినా వేస్తుంది.

ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీలోనే కట్టండి. ఏటీఎంలో అయితే "డిక్లైన్ కన్వర్షన్" లేదా "వితౌట్ కన్వర్షన్" అని ఉంటుంది, అదే నొక్కాలి. డిక్లైన్ అంటే డబ్బు రాదేమోనని చాలామంది జంకుతారు. వద్దంటున్నది వాళ్ల మార్పిడి రేటునే, డబ్బు వస్తుంది.

రూపాయలు వద్దన్నాక కూడా బిల్లు ఎక్కువే అనిపిస్తే, అది కార్డు మార్కప్, అంటే విదేశీ ఖర్చును రూపాయల్లోకి మార్చినందుకు మన బ్యాంకు వేసే ఛార్జి. మామూలు క్రెడిట్ కార్డుల్లో 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం. 3.5 కాస్తా 4.13 అవుతుంది, లక్ష ఖర్చుకు నాలుగు వేలు గోవిందా. మార్కప్ లేని కార్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఏడాదికోసారైనా విదేశం వెళ్లేవాళ్లకు అలాంటిది ఒకటి ఉండటమే నయం. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మాత్రం డబ్బు తీయకండి: ఫీజు వేరే, వడ్డీ ఆ రోజునుంచే మొదలు.

సమస్య: కార్డు అసలు పనిచేయలేదు

2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ వాడకం ఆపేసి ఇస్తారు. బ్యాంకు యాప్‌లో ఏటీఎంకు, షాపులకు, ఆన్‌లైన్‌కు విడివిడిగా ఆన్ చేసుకోవాలి, పరిమితి పెంచుకోవాలి. ఇంట్లో ఉండగానే చేయండి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

సమస్య: ఫారెక్స్ కార్డులో డాలర్లున్నా పారిస్‌లో ఎక్కువ కోసుకున్నారు

డాలర్లు నింపిన కార్డును యూరోల్లో వాడితే క్రాస్ కరెన్సీ ఛార్జి పడుతుంది. వెళ్లే దేశపు కరెన్సీనే నింపుకోండి. అంతే.

సమస్య: థాయ్ బాత్‌లు ఇక్కడ మరీ ప్రియం

గిరాకీ తక్కువున్న కరెన్సీ మీద లాభం ఎక్కువ వేస్తారు. బ్యాంకాక్, బాలి, వియత్నాం వెళ్లేవాళ్లు డాలర్లు కొనుక్కుని అక్కడ మార్చుకోవడమే మేలు. వంద డాలర్ల కొత్త నోట్లే అడగండి. పది, ఇరవై నోట్లకు థాయ్‌లాండ్‌లో రేటు తగ్గిస్తారు. మడత, ఇంకు మరక, చిరుగు ఉన్న నోటు ఇండోనేషియాలో వెనక్కి వచ్చేస్తుంది. తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ వెలుతురులో చూడండి, వెనకాల క్యూ గొణిగినా సరే. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లో, అంతకంటే ఎక్కువో పట్టుకుంటాయి, అందుకే రోజుకింత తీయడం కంటే ఒకేసారి తీయడం నయం.

యూరో, పౌండు, దిర్హామ్, సింగపూర్ డాలరుకు ఈ చుట్టుతిరుగుడు వద్దు. నేరుగా ఇక్కడే కొనండి, రెండుసార్లు మారిస్తే రెండుసార్లు పోతుంది.

సమస్య: తిరిగొచ్చాక నోట్లు మిగిలిపోయాయి

ఇప్పుడు చూడాల్సింది బై రేటు, అది ఎప్పుడూ చిన్నబుచ్చుతుంది. 2,000 డాలర్ల వరకు నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకుమించింది 180 రోజుల్లోగా ఇచ్చేయాలి. మళ్లీ వెళ్లే పని ఉంటే ఉంచుకోండి, లేదా వెళ్తున్న బంధువుకు చెప్పండి. నాణేలు మాత్రం ఇక్కడ ఎవరూ తీసుకోరు, అక్కడే కాఫీకి ఖర్చుపెట్టేయండి. ఫారెక్స్ కార్డులో మిగిలింది మర్చిపోతే, చాలా కార్డులు కొన్ని నెలల తరవాత వాడలేదని కొంచెం కొంచెం కోసేస్తాయి. బాబాయి కార్డులో మిగిలిన 140 డాలర్లు నేనే గుర్తుచేసి వెనక్కి వేయించాను. ఆయన మాత్రం చిల్లర నాణేలన్నీ డబ్బాలో వేసి మనవడి కోసం దాచాడు.