చెస్‌లో మీ ఆట ఎక్కడ చెడుతోందో లెక్కేసి పట్టుకోవడం ఎలా

రేటింగ్ ఒక్కటే చూసుకుంటే ఆట ఎక్కడ చెడుతోందో తెలియదు. ఆటగాళ్ళ బలాన్ని కొలిచే ఎలో రేటింగ్ చెప్పేది సగటున ఎన్ని పాయింట్లు రావచ్చనే, అంటే 200 తేడా ఉంటే పైవాళ్ళకి నాలుగు గేముల్లో సుమారు మూడు. పోయిన గేమ్ ఎందుకు పోయిందో తెలియాలంటే ఒక్కో ఎత్తూ లెక్కలోకి రావాలి.

ఆన్‌లైన్ చెస్ సైట్ లీచెస్‌లో మీ పాత గేములు పీజీఎన్ ఫైల్‌గా (గేములో ఎత్తులన్నీ వరసగా రాసి ఉండే ఫైల్) దింపుకోండి, గడియారం టైములు కూడా వచ్చేలా చూసుకోండి. అన్నీ ఒకే టైమ్ కంట్రోల్‌వి, అంటే గడియారంలో ఒకే టైము పెట్టి ఆడినవి, ఉండాలి, కనీసం యాభై ఉంటే మంచిది. అన్నిటికీ ఒకే డెప్త్ (ఎన్ని ఎత్తుల ముందుకు చూడాలన్నది) పెట్టి స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌తో పరిశీలించండి.

చాలామంది ఇక్కడ సెంటీపాన్ (బంటు విలువలో నూరోవంతు) నష్టానికి సగటు తీసి ఊరుకుంటారు, అది తప్పుదారి పట్టిస్తుంది. ఇంజిన్ ఇచ్చే స్కోరు +9 (తొమ్మిది బంట్లంత ఆధిక్యం) నుంచి +5కి పడితే 400 సెంటీపాన్లు పోయినట్టు, +0.2 నుంచి −0.8కి పడితే 100 మాత్రమే. కానీ లీచెస్ వాడే సూత్రంతో గెలుపు శాతంలోకి మారిస్తే మొదటిది సుమారు 96 నుంచి 86కి, రెండోది 52 నుంచి 43కి. రెండు తప్పులూ దాదాపు సమానమే! సెంటీపాన్లను −0.00368తో గుణించి, స్ప్రెడ్‌షీట్‌లో EXP ఫంక్షన్‌కి ఇచ్చి, వచ్చినదానికి 1 కలిపి, ఆ మొత్తంతో 100ని భాగిస్తే ఈ శాతం వస్తుంది. స్కోరు తెల్లపావుల వైపు నుంచి రాసి ఉంటుంది కాబట్టి నల్లపావులతో ఆడినప్పుడు ప్లస్, మైనస్ గుర్తు తిప్పడం మర్చిపోకండి.

ఓపెనింగ్‌లో బట్టీపట్టిన ఎత్తులు తీసేయండి. 2006లో గుయిడ్, బ్రాట్కో అనే పరిశోధకులు ప్రపంచ ఛాంపియన్లను క్రాఫ్టీ ఇంజిన్‌తో పోల్చినప్పుడు 12వ ఎత్తు నుంచే లెక్కపెట్టారు. అందులో అతి తక్కువ తప్పులు కాపాబ్లాంకావి, అయితే ఆయన ఆడిన పొజిషన్లు తేలికగా ఉండేవని కూడా వాళ్ళే చూపించారు. అందుకే తప్పులు తక్కువ ఉన్నంత మాత్రాన ఆట గొప్పదని నేను ఒప్పుకోను.

ఇప్పుడు ప్రతి ఎత్తు పక్కనా ఎంతసేపు ఆలోచించారో, ఎంత టైము మిగిలిందో రాసి, గెలుపు శాతంలో పదికి మించి పోగొట్టినవాటికి రంగు వేయండి. టైము తక్కువై టెన్షన్‌లో తప్పులు చేస్తున్నానని నేను ఏళ్ళపాటు నమ్మాను. తీరా చూస్తే రంగు పడ్డవాటిలో సగానికి పైగా గడియారంలో ఆరేడు నిమిషాలు ఉండగా, ఎదుటివాళ్ళు నా పావు కొట్టగానే మూడు సెకన్లలో తిరిగి కొట్టేసినవి. కొట్టక ముందు వేరే ఎత్తు ఉందేమోనని చూడనే లేదు.

చిన్న లెక్కలకి తొందరపడకండి. 30 ఎత్తుల్లో 3 తప్పులంటే పది శాతం, ఒక్కటి పెరిగితే పదమూడు.

చివరగా రంగు పడ్డ పొజిషన్లను మాయా ఇంజిన్‌కి చూపించండి. అది 1100 నుంచి 1900 స్థాయి దాకా మనుషుల గేములతో తయారైంది, కాబట్టి ఆ స్థాయివాళ్ళు ఏ ఎత్తు వేస్తారో ఊహిస్తుంది. మీ స్థాయి మాయా కూడా అదే తప్పు వేస్తే పొజిషనే కష్టమైందని పక్కన పెట్టి, అది సరిగ్గా వేసి మీరు పోగొట్టినవాటితోనే రేపటి సాధన మొదలుపెట్టండి.