నెయ్యి లేని బెల్లం మిఠాయిలు: అచ్చులు తడిబారడం, ఉండలు చిట్లడం - కారణాలు, సవరణలు

పాలు, నెయ్యి, పంచదార లేని మిఠాయిలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లకు కొత్తవి కావు. నువ్వుండలు, నువ్వులూ బెల్లమూ కలిపి దంచే చిమ్మిలి, జీడిపప్పు అచ్చులు, కొబ్బరి లౌజు మొదటినుంచీ అలాంటివే. చోడిపిండి (రాగిపిండి) ఉండల్లో నెయ్యి మానేసి జీడిపప్పు ముద్ద కలిపితే అవీ ఆ వరుసలో చేరతాయి. పప్పులు వేయించడం, బెల్లం కరిగించి వడకట్టడం, వేడి ఆరకముందే ఉండ చుట్టడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. బెల్లం కూడా చక్కెరే కనుక, మధుమేహం ఉన్నవారు దీనిని పథ్యంగా భావించకూడదని మాత్రం ముందే చెప్పాలి.

లక్షణం: అచ్చులు, ఉండలు మర్నాటికి జిగురెక్కి తడిబారుతున్నాయి

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, మొదట చూడవలసినదాన్ని అందరూ వదిలేసేదీ ఇక్కడే. పాకం దించేముందు ఒక చుక్కను చన్నీళ్లలో వేసి చూశారా అని అడిగితే, "రంగు చూసి దించేశాను" అనే జవాబే తరచుగా వస్తుంది. బెల్లం రంగు దిమ్మకొక తీరుగా ఉంటుంది కనుక రంగును బట్టి పాకం తెలియదు. నువ్వుండలకైతే నీళ్లలో వేసిన పాకం గట్టి ఉండగా చుట్టుకుని, పళ్లెం మీద వేస్తే ఖంగుమనాలి. జీడిపప్పు అచ్చులకైతే ఆ ముక్క సాగకుండా గాజులా పుటుక్కున విరగాలి. వేడిని కొలిచే సాధనం ఉన్నవారు కూడా నీళ్ల పరీక్షను మానకూడదు, ఎందుకంటే పంచదార పాకం గాజులా విరగడానికి సుమారు 146 డిగ్రీల సెల్సియస్ దాటాలన్న లెక్క, దానికి దగ్గరలోనే మాడు వాసన మొదలయ్యే బెల్లానికి పూర్తిగా సరిపోదు. పాకం లేతగా దించినందువల్లే తడిబారినట్లయితే సవరణ సులువు: అచ్చును ముక్కలు చేసి మూకుట్లో వేసి, సన్నని సెగ మీద కరగనిచ్చి, మళ్లీ నీళ్లలో చూసుకుని పోసుకోవాలి.

రెండవది నిల్వ. సోంపేట, కవిటి, భోగాపురం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలం రాత్రి అచ్చులను పళ్లెంలో ఆరబెట్టి పడుకుంటే, ఎంత ముదురు పాకమైనా తెల్లారేసరికి మెత్తబడుతుంది. వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి లోపలే నీరై అదే పని చేస్తుంది. వేడి పూర్తిగా తగ్గేవరకు ఆగి, ఆ వెంటనే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలోకి చేర్చాలి.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా అచ్చులు కారుతున్నాయంటే తప్పు చేతిది కాదు, బెల్లానిది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ముప్పుతిప్పలు పెట్టిన కారణం ఇదే కనుక దీని గురించి కొంత వివరంగా చెబుతాను.

బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజు అనే చక్కెర. దానితోపాటు, సాధారణంగా పదోవంతుకు అటూ ఇటూగా, గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. సుక్రోజు గట్టిపడి బిగిసి నిలుస్తుంది. ఫ్రక్టోజు మాత్రం గాలిలోని తేమను లాక్కుంటుంది. నరికిన చెరకును గానుగకు వేయడంలో రోజులు గడిచినా, గాలివానకు పడిపోయిన చెరకును ఆడించినా, రసంలోని పులుపును విరిచేంత సున్నం పడకపోయినా, పొయ్యి మీద రసం అవసరానికి మించి మరిగినా సుక్రోజు విడిపోయి ఈ రెండు చక్కెరలుగా మారుతుంది. అలాంటి బెల్లం తినడానికి తియ్యగానే, కొన్నిసార్లు మంచి బెల్లం కన్నా తియ్యగానే ఉంటుంది; పైకి బంగారు రంగులో మెరిసిపోవచ్చు కూడా. పైగా ఆ మెరుపు హైడ్రోసు అనే రసాయనం కలిపి తెప్పించినది కావచ్చు కనుక, అనకాపల్లి బెల్లమని చెప్పి అమ్మినంత మాత్రాన, పచ్చగా ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు.

ఈ కారణం ఎందుకు దొరకదంటే, ఇక్కడ నీళ్ల పరీక్ష కూడా మోసం చేస్తుంది. ఫ్రక్టోజు ఎక్కువైన పాకాన్ని సైతం తగినంత వేడి చేసి చన్నీళ్లలో వేస్తే పుటుక్కున విరుగుతుంది. అది చల్లటి నీళ్లలో ఉన్న ఆ క్షణపు గట్టిదనమే తప్ప, గాలి తగిలాక ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. అచ్చులు పోసిన రోజు కరకరలాడతాయి. మర్నాటికి పైన సన్నని చెమట పడుతుంది. మూడోనాటికి ఒకదానికొకటి అతుక్కుని, జీడిపప్పు బద్దల చుట్టూ పల్చని పానకం చేరుతుంది. చేసినవారు పాకం చాలలేదనుకుని, తరువాతిసారి ఇంకా ముదరనిచ్చి, మాడ్చుకుని, చేదు అచ్చులు పంచిపెడతారు.

అందుకే పరీక్ష పాకానికి కాదు, బెల్లానికే, అదీ ముందురోజే చేయాలి. మొదట దిమ్మను పగలగొట్టి చూడాలి: మంచి బెల్లం పెళుసుగా విరిగి, విరిగినచోట చిన్న పలుకులు మెరుస్తాయి, చెడ్డది విరగకుండా నలిగి, వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంది. చిన్న ముక్కను నాలుక మీద పెట్టుకుంటే పులుపో ఉప్పదనమో తగలకూడదు. అప్పటికీ అనుమానం తీరకపోతే, రెండు చెంచాల బెల్లం తురుమును కొద్ది నీళ్లతో ముదురు పాకం పట్టి, నూనె రాసిన పళ్లెం మీద రూపాయి బిళ్లంత పోసి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలేయాలి. తెల్లారి ఆ బిళ్ల పళ్లెం నుంచి ఊడి విరిగితే ఆ దిమ్మ పాకానికి పనికొస్తుంది, వేలికి తీగలా సాగితే పనికిరాదు. వానాకాలంలో ఈ పరీక్ష పక్కనే ఇంకో దిమ్మ ముక్కతో కూడా చేసి పోల్చుకోవాలి, లేకపోతే గాలి తేమను బెల్లం తప్పుగా పొరబడతాము. రెండు చెంచాల బెల్లం ఖర్చుకు వెనుకాడి, కిలో పలాస జీడిపప్పును పాడు చేసుకునేవారిని చూస్తే నాకు నిజంగా చిరాకు వేస్తుంది.

దిమ్మ మంచిదే అయినా ఆషాఢం నుంచి మూలన పడి ఉంటే దాని అడుగు, పై పొర తేమ తాగి నల్లబడి ఉంటాయి. ఆ భాగాలను చెక్కి పులుసులకు, పానకానికి ఉంచుకుని, పాకానికి లోపలి గట్టి భాగమే వాడాలి.

వేరే బెల్లం దొరకనప్పుడు ఉన్నదానితోనే నెట్టుకురావాలంటే మూడు జాగ్రత్తలు ఉన్నాయి. నీళ్లు బెల్లం కరగడానికి సరిపడా మాత్రమే పోసి, పాకాన్ని మధ్యస్థమైన సెగ మీద త్వరగా ముగించాలి; చెంబెడు నీళ్లు పోసి గంటసేపు మరిగిస్తే మిగిలిన సుక్రోజు కూడా విడిపోతుంది. బెల్లంలో నాలుగోవంతు తగ్గించి, ఆ మేరకు పటికబెల్లం పొడి వేయాలి; అది దాదాపు శుద్ధ సుక్రోజు కనుక పాకానికి బిగువు ఇస్తుంది, కాకపోతే ఆరోగ్యం లెక్కలో అది పంచదారే. పులుపు తగిలే బెల్లానికైతే అరకిలోకు పావు చెంచా వంటసోడా వేస్తే పులుపు విరుగుతుంది. మెరుపు కోసం నిమ్మరసం పిండడం పంచదార పాకానికి చెల్లవచ్చు గాని, ఈ బెల్లానికి అది నిప్పులో నూనె పోసినట్లే.

ఇప్పటికే కారిపోయిన అచ్చులను మళ్లీ మరిగించవద్దు. లేత పాకానికి పనిచేసిన ఉపాయం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. వాటిని ముక్కలు చేసి, వేయించిన చోడిపిండి, పుట్నాల పొడి కలిపి రోట్లో దంచి మెత్తని ఉండలు చుట్టి, నాలుగు రోజుల్లో తినేయాలి. పాకానికి పనికిరాని దిమ్మ చిమ్మిలికి చక్కగా సరిపోతుంది, అక్కడ పాకమే లేదు కదా. తాటిబెల్లం మీద మోజుతో అచ్చులు పోసేవారికి కూడా ఇదే మాట: అది త్వరగా చెమ్మగిల్లుతుంది, దానిని చిమ్మిలికీ పొంగడాలకూ ఉంచుకోవడం మేలు.

లక్షణం: చోడి ఉండలు చిట్లిపోతున్నాయి, లేదా రాయిలా బిగుస్తున్నాయి

రెండింటికీ మూలం నెయ్యికి బదులు వేసిన కొవ్వు. నువ్వుల నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది కనుక పిండిని తడుపుతుందే గాని పట్టి ఉంచదు. ఎంత పోసినా ఉండ చేతిలో నిలిచి, డబ్బాలో చిట్లుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందువల్ల పుష్యమాసపు ఉదయం పన్ను విరిగేంత గట్టిగా ఉన్న ఉండే వైశాఖంలో కూలిపోతుంది. నూనెల జోలికి పోకుండా, వేయించిన నూపప్పునో (పొట్టు తీసిన నువ్వులు) జీడిపప్పు ముక్కనో వేడిగా ఉండగానే నూనె ఊరేదాకా రుబ్బి, ఆ ముద్దతో పిండిని పట్టించాలి. బద్దలు కొననవసరం లేదు, దీనికి ముక్క చాలు. పిండి కమ్మని వాసన వచ్చేదాకా వేగకపోతే ఏ కొవ్వు వేసినా పచ్చిగా, పొడిగానే ఉంటుంది.

లక్షణం: పాకం ఇసుకలా పలుకులు కడుతోంది

మరిగేటప్పుడు అదేపనిగా కలపడం, మూకుడు అంచున ఎండిన బెల్లం పలుకులు తిరిగి పాకంలో పడడం దీనికి కారణాలు. రెండు చెంచాల నీళ్లు చల్లి, పలుకులన్నీ కరిగేదాకా సన్నని సెగ మీద ఉంచి, అంచులను తడి గుడ్డతో తుడిచి, ఆపైన గరిటె పెట్టకుండా పాకం రానివ్వాలి.

మిగిలినవి

పాత నూనె వాసన వస్తే పప్పు పాతది. వేయించేముందు ఒక పలుకు నమిలి చూడాలి, పాకం పట్టాక సవరణ లేదు. చేదు వస్తే నువ్వులు మాడాయి. పంటికింద ఇసుక తగిలితే వడకట్టడం మరిచారు. నీటి గుణం, మూకుడు లోహం వంటివి కారణమవడం చాలా అరుదు, వాటి వెంట పడి కాలం వృథా చేసుకోవద్దు. కొబ్బరి లౌజు రెండు రోజుల్లో పులిసిందంటే అది లోపం కాదు. తడి కొబ్బరితో చేసినది అంతే నిలుస్తుంది, ఎక్కువ రోజులు కావాలంటే ఎండుకొబ్బరి తురుముతో చేసుకోవాలి. బెల్లం వేయగానే జీడిపప్పు పాలు విరిగితే, రెండింటినీ దించి గోరువెచ్చగా అయ్యాకే కలపాలి.