ట్యాంక్‌లో రాళ్లకి గులాబీ రంగు రావాలంటే: కోరలైన్ ఆల్గే పెంచే పద్ధతి

సాల్ట్‌వాటర్ ట్యాంక్ (ఉప్పునీళ్ల అక్వేరియం) పెట్టిన ప్రతివాళ్లూ రెండు మూడు నెలలకి అడిగేది ఇదే, రాళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి లేదా గోధుమ రంగు పట్టాయి, వేరేవాళ్ల ట్యాంకుల్లో కనపడే ఆ గులాబీ, ఊదా రంగు పెచ్చు, అదే కోరలైన్ ఆల్గే, మాకెప్పుడొస్తది అని. నాది వైజాగ్, 200 లీటర్ల ట్యాంక్, డ్రై రాక్‌తో (ఏ జీవమూ లేని ఎండు రాయి) మొదలుపెట్టా, మొదటి చుక్క కనపడటానికి దగ్గర దగ్గర నాలుగు నెలలు పట్టింది. అదీ రాయి మీద కాదు, పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే చిన్న పంపు) వెనకాల నీడలో, ఆవగింజంత. గోరుతో గీకి చూశా, మామూలు నాచైతే జారిపోద్ది కదా, ఇది గరుగ్గా గోటికి తగిలింది, హమ్మయ్య ఇదే అనుకున్నా.

అంత గట్టిగా ఎందుకుంటదంటే, ఇది ఎర్ర నాచు జాతి, తన కణాల గోడల్లో కాల్షియం కార్బొనేట్ పేర్చుకుంటది, అందులో మెగ్నీషియం కూడా బాగానే కలుస్తది. కాబట్టి ఎరువేసి పెంచే మొక్కలా దీన్ని చూడకూడదు, ఇల్లు కట్టే మేస్త్రీకి ఇసుక, సిమెంటు అందించినట్టు రోజూ సామాను అందించాలి.

ఆ సామాను లెక్క ఇది. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలని), ఆల్కలినిటీ, అంటే నీళ్లలో ఉండే కార్బొనేట్, బైకార్బొనేట్ నిల్వ, 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), మెగ్నీషియం 1250 నుంచి 1350, ఉప్పు 35 పీపీటీ (వెయ్యిలో ఎన్ని భాగాలని), టెంపరేచర్ 25 అటూ ఇటూ, పీహెచ్ 8.1 పైన. ఫాస్ఫేట్ 0.1 పీపీఎం దాటనివ్వకండి, ఎక్కువైతే కాల్షియం పేరుకోవడానికి అడ్డుపడుద్ది, పైగా పచ్చ నాచు వచ్చి రాయంతా కప్పేసుద్ది, దాని కింద కోరలైన్‌కి చోటుండదు.

వీటన్నిట్లో నేను ఒక్కటే పట్టుకోమంటా, ఆల్కలినిటీ. చాలామంది కాల్షియం టెస్ట్ చేసి 420 ఉంది బానే ఉంది అని వదిలేస్తారు. కానీ కాల్షియం 20 పీపీఎం ఖర్చయ్యేలోపు ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ ఖర్చయిపోద్ది. 420లో 20 పోతే టెస్ట్ కిట్‌లో తేడా కూడా సరిగ్గా తెలీదు, 8లో 2.8 పోతే మూడో వంతు పోయినట్టే. కాల్షియం నిండుగా కనపడుతున్నా పెచ్చు పెరక్కుండా ఆగిపోయేది ఇక్కడే. అందుకే వారానికి రెండుసార్లు, ఒకే టైంకి ఆల్కలినిటీ చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి, రోజుకి ఎంత పడిపోతుందో మీకే తెలిసిపోద్ది.

తగ్గినదాన్ని పెంచడానికి వంట సోడా చాలు, బేకింగ్ పౌడర్ కాదు, ఉత్త వంట సోడానే. 200 లీటర్ల నీళ్లకి 6 గ్రాములు వేస్తే దాదాపు 1 డీకేహెచ్ పెరుగుద్ది. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి అసలు నీళ్లెన్నో లెక్కేసుకోండి. ఆర్వో నీళ్లలో బాగా కరిగించి, నీళ్లు జోరుగా తిరిగే చోట కొంచెం కొంచెంగా పోయాలి, రోజుకి 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచొద్దు. మొదట్లో నేను తొందరపడి ఒకేరోజు 3 పెంచేశా, మర్నాటికి అప్పుడప్పుడే వస్తున్న చుక్కల అంచులు తెల్లబడిపోయాయి, మళ్లీ రంగు రావడానికి నెల పైనే పట్టింది, అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తది. కాల్షియానికి కాల్షియం క్లోరైడ్ వాడొచ్చు, కానీ రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే నీళ్లు పాలలా అయిపోతాయి, వేసిందంతా తెల్ల పొడిగా కింద పడుద్ది. మెగ్నీషియం తక్కువున్నా ఇలాగే ఊరికే అవక్షేపం అయిపోద్ది, ఎంత పోసినా కాల్షియం, ఆల్కలినిటీ నిలబడట్లేదంటే ముందు మెగ్నీషియం టెస్ట్ చేయండి.

ట్యాంక్ కాస్త ముదిరాక నేను సున్నపు తేటకి మారా, హాబీలో కాల్క్‌వాసర్ అంటారు దీన్నే. లీటరు ఆర్వో నీళ్లకి ఒకటిన్నర గ్రాము కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మూత పెట్టి, రాత్రంతా తేరనిస్తే పొద్దున్నకి అడుగున తెల్ల మడ్డి, పైన అద్దంలాంటి తేట. మూత తీసి ఉంచితే కాసేపటికి పాల మీద మీగడ కట్టినట్టు పల్చని పొర కడుద్ది, అది గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగిలి ఏర్పడ్డ కార్బొనేటే, దాన్ని ట్యాంక్‌లోకి పోనివ్వొద్దు. తేట మాత్రమే, ఆవిరైపోయిన నీళ్ల బదులుగా, రాత్రిపూట చుక్కలు చుక్కలుగా పడాలి. దీని పీహెచ్ 12 దాటి ఉంటది, చేతికి గ్లోవ్స్ వేస్కోండి, పిల్లలకి అందకుండా పెట్టండి. ఏసీ వేసి తలుపులు మూసేసిన గదిలో మన ఊపిరికే ట్యాంక్ పీహెచ్ 7.8కి దిగిపోద్ది, అలాంటి ఇళ్లలో ఈ తేట డబుల్ లాభం.

ఇదంతా ఉన్నా విత్తనం పడాలి కదా. డ్రై రాక్‌లో ఏమీ ఉండదు, కాబట్టి కోరలైన్ బాగా ఉన్న ట్యాంక్ ఫ్రెండ్ ఎవరిదైనా ఉంటే పెచ్చు పట్టిన ఒక నత్తనో, చిన్న రాయి ముక్కనో, లేదా గ్లాస్ మీద గీకిన పొడో అడిగి తెచ్చుకోండి. స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం), ఫిల్టర్ ఫ్లాస్ (నీళ్లు వడకట్టే దూది) మూడు నాలుగు గంటలు ఆపేసి, ఆ ముక్కని పవర్‌హెడ్ ముందు పట్టుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, గులాబీ పొడి రంగోలీ ముగ్గు గాలికి లేచినట్టు నీళ్లలో పరుచుకుని రాళ్ల సందుల్లోకి వెళ్లుద్ది. వారానికోసారి నెల రోజులు ఇలా చేయండి. కోరలైన్ తెప్పిస్తామని అమ్మే సీసాల కంటే ఆ ఒక్క నత్తే నాకు ఎక్కువ పని చేసింది.

సముద్రం దగ్గరే ఉంది కదా అని రాళ్లు ఏరుకొచ్చే పని మాత్రం పెట్టుకోకండి. లైవ్ రాక్ (సముద్ర జీవులు పట్టిన రాయి) పేరుతో దొరికేది చాలావరకు పగడపు దిబ్బ ముక్కే, మనదేశంలో గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, తీసుకురావడం, కొనడం, అమ్మడం అన్నీ నేరమే. రుషికొండ దగ్గర నీళ్లు తెచ్చి వాడదామన్నా, వానలు, వరదలు అయ్యాక అక్టోబర్, నవంబర్‌లో నదుల నీళ్లు కలిసి మన తీరంలో ఉప్పు బాగా పడిపోద్ది, రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు కొలిచే పరికరం) చూడకుండా పోస్తే అంతే. నేను ఆర్వో నీళ్లు, సాల్ట్ మిక్స్ దగ్గరే ఆగిపోయా.

లైట్ ఎక్కువుంటే త్వరగా వస్తదనుకోవడం తప్పు. ఇది నీడని ఇష్టపడుద్ది, రాయి అంచు కిందా, వెనక గ్లాస్ మీదా ముందొస్తది. కొత్త ఎల్ఈడీ పెట్టి ఫుల్ చేస్తే ఉన్నది కూడా తెల్లబడుద్ది, నీలం రంగు ఎక్కువ పెట్టి, పవర్ వారం వారం కొంచెం కొంచెం పెంచండి. నాచు తినే నత్తలు నాలుగైదు వేస్కోండి, రాయి శుభ్రంగా ఉంటది, పొడవాటి ముళ్లుండే సీ అర్చిన్ వద్దు, అది కోరలైన్‌నే గీకి తినేసుద్ది.

ఒకసారి పట్టాక ఇక ఆగదు. పవర్‌హెడ్ రోటర్ మీద కూడా కట్టి తిరక్కుండా చేసుద్ది, మూడు నెలలకోసారి తీసి సగం వెనిగర్ సగం నీళ్లలో గంట నానబెడితే నురగలొచ్చి ఊడిపోద్ది. ముందు గ్లాస్ మాత్రం ప్రతి వారం బ్లేడుతో గీకండి, నెల వదిలేస్తే చెయ్యి నొప్పెట్టేంత గట్టిపడుద్ది, అక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు ముట్టుకోకండి, ప్లాస్టిక్ కార్డే వాడండి. ఆ గీకేటప్పుడు రాలిన పొడిని సైఫన్‌తో లాగేయకుండా అలాగే తిరగనివ్వండి, ఇంకా తెల్లగా మిగిలిన రాళ్లకి అదే విత్తనం.